నల్లబడిన కాలేయం చెప్పే సంగతి

వ్యాఖ్యాత: నమస్కారమండీ, డాక్టర్ గారూ. కామెర్లు అనగానే మనవాళ్లలో చాలామందికి పసరు మందు గుర్తుకొస్తుంది. కళ్లలో కనిపించే ఆ పచ్చదనాన్ని కాలేయ కణం పైత్యరసంలోకి ఎలా పంపుతుందో ఈరోజు వివరంగా చెబుతారా?

డాక్టర్: నమస్కారమండీ. ఆ పచ్చదనం బిలిరుబిన్‌ది. పాత ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమైనప్పుడు పుట్టే ఈ పదార్థం నీటిలో కరగదు కాబట్టి, రక్తంలోని అల్బుమిన్ అనే ప్రోటీనును అంటిపెట్టుకుని కాలేయానికి చేరుతుంది. అక్కడ కణంలోని యూజీటీ1ఏ1 అనే ఎంజైము దానికి గ్లూకురోనిక్ ఆమ్లాన్ని జతచేస్తుంది. దాంతో అది నీటిలో కరిగే, రుణావేశం గల సేంద్రియ ఆనయాన్‌గా మారుతుంది.

వ్యాఖ్యాత: కరిగాక తనంతట తానే బయటికి పోదా?

డాక్టర్: పోదండి, చిక్కంతా అక్కడే ఉంది. ఆవేశం ఉన్న అణువు కణం చుట్టూ ఉన్న కొవ్వుపొరను దాటలేదు, పైగా అది వెళ్లవలసిన పైత్యరసంలో దాని గాఢత కణంలోకన్నా ఎంతో ఎక్కువ. పక్కపక్క కణాల మధ్య పైత్యరసం పారే, సుమారు ఒక మైక్రోమీటరు వెడల్పున్న సన్నని కాలువ ఉంటుంది. ఆ కాలువ గోడలోని ఎంఆర్‌పీ2 అనే ప్రోటీను, బావిలోంచి నీళ్లు తోడే మోటారు కరెంటు వాడుకున్నట్టే, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువును ఖర్చుచేసి దాన్ని అందులోకి నెడుతుంది. పైత్య లవణాలకు బీఎస్‌ఈపీ అనే పంపు వేరే ఉంది.

వ్యాఖ్యాత: ఎంఆర్‌పీ2 పుట్టుకతోనే పనిచేయకపోతే?

డాక్టర్: 1954లో డుబిన్, జాన్సన్ అనే వైద్యులు వర్ణించిన డుబిన్–జాన్సన్ వ్యాధి అదేనండీ. ఆ కాలేయం పైకి నల్లగా కనిపిస్తుంది, కణాల్లో ముదురు రంగు పదార్థం పేరుకుని ఉంటుంది. బయటికి పోలేని బిలిరుబిన్‌ను రక్తం వైపున్న ఎంఆర్‌పీ3 తిరిగి రక్తంలోకి వదులుతుంది. కళ్లు పచ్చబడినా, సాధారణంగా చికిత్స అక్కర్లేదు.

వ్యాఖ్యాత: ఇలాగే పుట్టుకతో కామెర్లు తెచ్చే రోటర్ వ్యాధి అని మరొకటి ఉంది. అందులో కాలేయం నల్లబడదు కదా, మరి కామెర్లెందుకు?

డాక్టర్: నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచే విషయం ఇదే. ఆరోగ్యవంతులలోనూ జతపడిన బిలిరుబిన్‌లో కొంత ఎంఆర్‌పీ3 ద్వారా రక్తంలోకి వెళుతుంది, దాన్ని రక్తం పారే దారిలో దిగువనున్న కాలేయ కణాలు ఓఏటీపీ1బీ1, ఓఏటీపీ1బీ3 అనే ప్రోటీన్ల సాయంతో మళ్లీ లోపలికి తీసుకుంటాయి. అంటే, ఒక కణానికి భారమైనది పక్క కణాలు పంచుకుంటున్నాయన్నమాట. ఈ రెండు ప్రోటీన్లూ లేకపోవడమే రోటర్ వ్యాధికి కారణమని 2012లో తేలింది.

వ్యాఖ్యాత: కాలేయాన్ని చూడకుండా రెండింటినీ వేరుచేయగలమా?

డాక్టర్: శరీరం హీమ్‌ను (రక్తానికి ఎరుపునిచ్చే పదార్థాన్ని) తయారుచేసేటప్పుడు పుట్టే కోప్రోపోర్ఫిరిన్ అనే పదార్థాన్ని మూత్రంలో కొలిస్తే చాలండీ. అది రెండు రకాలుగా ఉంటుంది. రోటర్‌లో దాని మొత్తం బాగా పెరుగుతుంది. డుబిన్–జాన్సన్‌లో మొత్తం మామూలుగానే ఉన్నా, అందులో 80 శాతానికి పైగా మొదటి రకమే ఉంటుంది.