గాలి ఒకవైపు, నీళ్లు మరోవైపు: ఎక్మన్ లెక్క

అందరికీ నమస్కారం. ఈరోజు స్వీడన్ శాస్త్రవేత్త వాల్‌ఫ్రిడ్ ఎక్మన్ గురించి మాట్లాడతాను.

1893లో నార్వే అన్వేషకుడు నాన్సెన్ తన ‘ఫ్రామ్’ నౌకను కావాలనే ఆర్కిటిక్ మంచులో ఇరికించి, దానితోపాటే కొట్టుకుపోయారు. గాలి వీచే వైపు కాకుండా మంచు 20 నుంచి 40 డిగ్రీలు కుడికి జరుగుతోందని గమనించారు. భూభ్రమణమే కారణమనీ ఊహించారు. దాన్ని లెక్కగట్టే పని నార్వే భౌతికశాస్త్రవేత్త బ్యర్క్‌నెస్ ద్వారా కుర్రవాడైన ఎక్మన్ చేతికి వచ్చింది.

ఎక్మన్ ఏం చేశారంటే, సముద్రాన్ని పలుచని పొరలుగా ఊహించారు. గాలి పై పొరను లాగుతుంది. ఉత్తరార్ధగోళంలో భూభ్రమణం దాన్ని కుడికి మళ్లిస్తుంది. ఆ పొర కింది పొరను ఈడుస్తుంది. అది ఇంకాస్త కుడికి, ఇంకాస్త నెమ్మదిగా కదులుతుంది. లోతుకు వెళ్లేకొద్దీ దిశ మెలితిరుగుతూనే ఉంటుంది. ఒక లోతులో నీరు పై నీటికి సరిగ్గా ఎదురుగా పోతుంది, కానీ వేగం అందులో 4 శాతమే. పొరలన్నీ కలిపితే మొత్తం నీరు కదిలేది గాలికి లంబంగా! 1902లో థీసిస్‌గా, 1905లో వివరమైన పత్రంగా ఇది వెలువడింది.

పెరూ తీరం చూడండి. అక్కడ గాలి తీరం వెంబడి ఉత్తరానికి వీస్తుంది. దక్షిణార్ధగోళం కాబట్టి నీరు ఎడమకు, అంటే తీరం నుంచి లోపలి సముద్రానికి పోతుంది. ఆ ఖాళీలోకి అడుగునుంచి చల్లని, పోషకాలున్న నీరు ఎగదన్నుకొస్తుంది. అక్కడి చేపల సంపదకు మూలం ఇదే.

1910 నుంచి 1939 దాకా ఆయన లుండ్ విశ్వవిద్యాలయంలో మెకానిక్స్, గణిత భౌతికశాస్త్ర ప్రొఫెసర్. అలాగని కాగితానికే పరిమితమైన మనిషి కాదు. ప్రవాహాల వేగం కొలిచే మీటర్ తయారుచేశారు. దాని రెక్కలు తిరిగేకొద్దీ చిన్న లోహపు గోళీలు 36 గదులున్న దిక్సూచి పెట్టెలోకి జారుతాయి. మీటర్ పైకి లాగాక ఏ గదిలో ఎన్ని పడ్డాయో లెక్కపెట్టుకోవడమే. నాకైతే సమీకరణాలకంటే ఈ గోళీలే ముచ్చటగా అనిపిస్తాయి.

1930లో ఓడెక్కి కొలిచిన ప్రవాహాల ఫలితాలు 1953లో గానీ ప్రచురించలేదు. ఆ మరుసటి ఏడాదే మరణించారు. బహిరంగ సముద్రంలో ఆ మెలిక స్పష్టంగా దొరికింది 1980లలో. అలలు, మారే గాలులు దాన్ని కప్పేస్తాయి మరి. జిగట, అంటే ఒక పొర మరో పొరను ఈడ్చే రాపిడి, అన్ని లోతుల్లో ఒకేలా ఉంటుందని ఎక్మన్ అనుకున్నారు, నిజానికి ఉండదు. అందుకే ఉపరితలంలో గాలి దిశకూ నీటి దిశకూ మధ్య ఆయన చెప్పిన 45 డిగ్రీల కోణం కొలతల్లో తరచూ తేడా వస్తుంది. మొత్తం నీటి కదలికకు మాత్రం జిగట ఎంతో తెలియక్కర్లేదు. గాలి ఒత్తిడి, భూభ్రమణం చాలు. కాబట్టే ఉపగ్రహాలు కొలిచిన గాలుల నుంచే ఏ తీరంలో ఎంత నీరు పైకి వస్తోందో ఇవాళ అంచనా వేయగలుగుతున్నాం.