గైడులో ఉన్న ఆర్టికల్ దించేస్తే మార్కులు వస్తాయా? పన్నెండో తరగతి ఇంగ్లిష్ రివ్యూ

నమస్తే పిల్లలూ, వాళ్ల పక్కన కూర్చుని చూస్తున్న అమ్మానాన్నలకూ నమస్తే. హనుమకొండ నుంచి మాట్లాడుతున్నాను. నా ముందు రెండు ఆన్సర్లు ఉన్నాయి. ఒకటి, మన చౌరస్తా దగ్గర కొన్న ఒక గైడులోది. పేరు చెప్పను, అట్ట చూపించను. రెండోది, ములుగు వైపు ఊరి నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ఒక అమ్మాయి రాసింది. ఇంట్లో వాళ్లను అడిగాకే చూపిస్తున్నాను. ప్రశ్న ఇద్దరికీ ఒకటే: జాతరల్లో పేరుకుపోయే ప్లాస్టిక్ చెత్త మీద ఆర్టికల్.

ముందు మార్కుల లెక్క చూద్దాం. సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి ఇంగ్లిష్ కోర్‌లో ఆర్టికల్‌కు 5 మార్కులు, 120 నుంచి 150 పదాలు. ఫార్మాట్‌కు 1, ఆలోచనలు వరసగా పేర్చినందుకు 1, విషయానికి 2, స్పెల్లింగ్, గ్రామర్ తప్పులు లేకుంటే 1. ఫార్మాట్ అంటే హెడ్డింగ్, దాని కింద 'బై' అని రాసినవాళ్ల పేరు, అంతే. ప్రశ్నలో ఏ పేరు ఇస్తే ఆ పేరే రాయాలి, సొంత పేరు వద్దు. 'రెస్పెక్టెడ్ టీచర్స్' అని మొదలుపెడితే అది స్పీచ్ అయిపోతుంది. 'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ' అని ముగిస్తే లెటర్ అయిపోతుంది. పరీక్ష టెన్షన్‌లో ఈ రెండూ చాలామంది రాసేస్తారు.

ఇక గైడు. ఫార్మాట్ శుభ్రంగా ఉంది, ఇంగ్లిష్‌లో తప్పు లేదు. హెడ్డింగ్ కూడా బాగుంది. కానీ మొదటి పేరా వినండి. ఈ రోజుల్లో ప్లాస్టిక్ పెద్ద సమస్య అయిందట. పిల్లల నుంచి పెద్దల దాకా అందరినీ పట్టి పీడిస్తోందట. ప్రభుత్వం, ప్రజలు కలిసి పనిచేయాలట. ఇప్పుడు ప్లాస్టిక్ అన్న చోటల్లా మొబైల్ ఫోన్ అని పెట్టి మళ్లీ చదవండి. అర్థం ఎక్కడా చెడదు! డ్రగ్స్ అని పెట్టినా చెడదు. ఏ ప్రశ్నకైనా అతికే పేరా ఏ ప్రశ్నకూ జవాబు కాదు. జాతర అనే మాట ప్రశ్నలో ఉంది, గైడు ఆన్సర్లో ఒక్కసారి కూడా లేదు. విషయానికి ఉన్న 2 మార్కుల్లో నేనైతే దీనికి ఒకటి వేస్తాను, అదీ కష్టం మీద.

ఇప్పుడు అమ్మాయి పేపర్. ఈమె మొదటి వాక్యంలోనే మేడారం పెట్టింది. రెండేళ్లకోసారి సమ్మక్క సారలమ్మ జాతరకు లక్షల మంది వస్తారు, జంపన్న వాగులో స్నానం చేసి ఒడ్డు ఎక్కేటప్పుడు కాళ్లకు నీళ్ల ప్యాకెట్లు తగులుతాయి అని రాసింది. ఇంగ్లిష్ చాలా మామూలుగా ఉంది, డిక్షనరీ తీయాల్సిన మాట ఒక్కటి లేదు. అయినా చదువుతుంటే వాగు కనిపిస్తోంది.

రెండో పేరా నాకు ఇంకా నచ్చింది, అందుకే పెద్దగా చూపిస్తున్నాను. అమ్మవార్లకు మొక్కు చెల్లించే బంగారం, అంటే బెల్లం, జనం ప్లాస్టిక్ కవర్లలో తెస్తారు. గద్దెల దగ్గర రద్దీలో ఎవరూ ఆగలేరు, వెనక నుంచి తోస్తుంటారు. బెల్లం తీయగానే కవర్ అక్కడే జారిపోతుంది. చెత్తడబ్బా బయటెక్కడో ఉంటుంది. చూశారా, జనానికి బుద్ధి లేదు అని తిట్టలేదు ఈమె. చెత్త ఎందుకు పడుతోందో చెప్పింది. కారణం దొరికింది కాబట్టి పరిష్కారం దానంతటదే వచ్చింది: బెల్లం అమ్మే దుకాణంలోనే గుడ్డసంచి ఇవ్వాలి, వెళ్లేటప్పుడు సంచి తిరిగి ఇస్తే కట్టిన డబ్బు వాపస్ ఇవ్వాలి. గైడులో ఉన్న 'అవగాహన కల్పించాలి' కంటే ఇది ఎంత గట్టిగా ఉందో చూడండి. ఒక్కో పేరా తర్వాతి పేరాకు దారి ఇస్తోంది. ఆలోచనల వరసకు ఇచ్చే ఆ 1 మార్కు దీనికే. ఈ పేరా చదివినప్పుడు నాకు నిజంగా చాలా సంతోషమేసింది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ నీళ్ల సీసాలను నిషేధించారు అని రాసింది. తేదీ కరెక్టే, సీసాలు మాత్రం ఆ జాబితాలో లేవు. నిషేధించింది ఒకసారి వాడి పడేసే కప్పులు, గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు, స్ట్రాల వంటివి. పక్కాగా తెలియని వివరం వదిలేయడమే మంచిది. ఈమె దగ్గర వాగు ఉంది, బెల్లం ఉంది, చట్టం లేకున్నా ఆన్సర్ నిలబడుతుంది.

స్పెల్లింగ్‌లో గవర్నమెంట్, ఎన్విరాన్‌మెంట్ రెండింట్లోనూ 'ఎమ్' ముందున్న 'ఎన్' ఎగిరిపోయింది. మన పిల్లల పేపర్లలో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. 'పీపుల్స్ ఆర్ త్రోయింగ్' అని రెండు చోట్ల ఉంది. 'పీపుల్' చాలు, చివర 'ఎస్' అక్కర్లేదు. ఎప్పుడూ జరిగే పని కాబట్టి 'త్రో' అంటే సరిపోతుంది. ఇంకొకటి, పదాలు 190 దాటాయి. మేడారం చరిత్ర చెప్పిన మూడు వాక్యాలు కొట్టేస్తే లెక్కలోకి వస్తుంది. ఆ మూడూ బాగున్నాయి, కానీ ప్రశ్న అడిగింది చెత్త గురించి.

మొత్తం మీద నా మార్కులు: గైడుకు మూడున్నర, అమ్మాయికి నాలుగు. స్పెల్లింగ్ సరిచూసుకుంటే నాలుగున్నర.

మా ఊళ్లో జాతర లేదు మేడమ్, మేమేం రాయాలి అని అడుగుతారు. వాన నీళ్ల మీద ప్రశ్న వస్తే 2020 ఆగస్టులో హనుమకొండ కాలనీలు మునిగిన సంగతి మీకు తెలుసు, నయీంనగర్ నాలా తెలుసు. వారసత్వ కట్టడాలంటే రామప్ప ఉంది. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. స్కూల్ టూర్‌లో వెళ్లి ఉంటే అక్కడ మీరు చూసిన ఒక్క శిల్పం గురించి రాయండి, కట్టిన రాజుల పేర్లన్నీ వద్దు. స్టేట్ బోర్డులో ఎస్సే, స్పీచ్ రాసే టెన్త్ పిల్లలకూ ఇదే చెబుతాను.

గైడు కొన్నవాళ్లు పారేయకండి. హెడ్డింగులు ఎలా పెట్టాడో చూడండి, ఒక వాక్యం నుంచి ఇంకో వాక్యానికి కలిపే మాటలు నోట్ చేసుకోండి. పేరాలు మాత్రం బట్టీ పట్టొద్దు.

ఈ వారం ప్రశ్న: ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిన రైతు ఎదుర్కొనే ఇబ్బందుల మీద ఆర్టికల్, 150 పదాలు దాటొద్దు. ఇంట్లో ఎవరైనా మార్కెట్‌కు పంట తీసుకెళ్లి ఉంటే ముందు వాళ్లను అడగండి. కాంటా ఎప్పుడు పెట్టారు, రాత్రి ఎక్కడ పడుకున్నారు, డబ్బు ఎప్పుడు చేతికొచ్చింది అని. ఆ తర్వాతే పెన్ను పట్టుకోండి. ఆదివారంలోపు ఫొటో తీసి పంపితే, వచ్చే వీడియోలో పేరు లేకుండా దిద్ది చూపిస్తాను.