బేస్ గిటార్‌కు యాంప్, వా పెడల్: మంద్రం జారిపోకుండా ఎంచుకోవడం ఎలా?

[తెర మీద బేస్ గిటార్ చాలా దగ్గరగా కనిపిస్తుంది. అన్నిటికన్నా లావైన తీగను బొటనవేలు మీటగానే, ఆ తీగ గీతలా కాక మసకబారిన పట్టీలా ఊగుతుంది.]

నమస్కారం. మీరు చూస్తున్న ఈ తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తున్నది. మామూలు గిటార్‌లో అన్నిటికన్నా లావైన తీగ 82 సార్లు కంపిస్తుంది కనుక, బేస్ గిటార్ దానికి సరిగ్గా ఒక స్థాయి (ఆక్టేవ్) కింద మొదలవుతుంది. అయిదు తీగల బేస్ అయితే ఇంకా దిగి 31 హెర్ట్జ్ దగ్గరికి, అంటే సెకనుకు 31 కంపనాలకు చేరుతుంది. హనుమకొండ, కాజీపేట, వరంగల్‌లలో చర్చి క్వయర్‌లోనో కాలేజీ బ్యాండ్‌లోనో బేస్ పట్టుకున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు "అన్నా, ఏ యాంప్ కొనాలె, ఏ పెడల్ కొనాలె?" అని అడిగినప్పుడల్లా నేను ముందుగా ఈ 41 అనే అంకెనే చెబుతాను. శబ్దాన్ని పెంచే యాంప్ దాన్ని మోయగలగాలి, పాదంతో తొక్కి శబ్దాన్ని మార్చే పెడల్ దాన్ని పారేయకూడదు. ఎంపికంతా ఈ రెండింటి మధ్యనే ఉన్నది.

ఈ సంగతి నాకు పుస్తకం చదివి తెలియలేదు. కొన్నేళ్ళ కిందట ఒక ఫంక్షన్ హాల్లో కార్యక్రమం ఉన్నది. నేను మిత్రుడి దగ్గర తెచ్చుకున్న మామూలు గిటార్ వా పెడల్‌ను, అంటే తొక్కితే తీగ "వా" అన్నట్టు పలికించేదాన్ని, బేస్‌కు కలిపి, ఇంట్లో వారం రోజులు వాయించుకొని, బాగున్నదని మురిసిపోయి వేదిక ఎక్కాను. రెండో పాట అయిపోగానే డ్రమ్స్ వాయించే అన్న కర్రలు ఒళ్ళో పెట్టుకొని, "తమ్మీ, నువ్వు ఆ పెడల్ తొక్కినప్పుడల్లా బేస్ ఎటు పోతున్నదిరా? నేను ఒక్కన్నే వాయిస్తున్నట్టున్నది" అన్నాడు. ఆయన మాట నిజమే. ఎందుకు నిజమో చెప్పాలంటే ముందు యాంప్ దగ్గర మొదలుపెట్టాలి.

[స్పీకర్ కోన్ దగ్గరి దృశ్యం. దాని మీద నాలుగైదు బియ్యపు గింజలు ఉంటాయి. పై స్వరానికి అవి సన్నగా వణుకుతాయి, కింది స్వరానికి ఎగిరి పడతాయి.]

ఈ బియ్యపు గింజలను గమనించండి. స్వరం ఒక స్థాయి దిగితే, శబ్దం అంతే రావడానికి స్పీకర్ కోన్ (ముందుండే పేపర్ గరాటు) నాలుగింతల దూరం ముందుకూ వెనక్కూ కదలాలి. గిటార్ కోసం చేసిన స్పీకర్ అంత దూరం కదలడానికి పుట్టినది కాదు. అందులో బేస్ పెట్టి గట్టిగా వాయిస్తే మొదట గరగరమంటుంది, తర్వాత పేపర్ చిరుగుతుంది, లేదా కాయిల్ పోతుంది. ఇంట్లో చిన్నగా సాధన చేసుకోవడానికి గిటార్ యాంప్ వాడితే ప్రమాదమేమీ లేదు కానీ, డ్రమ్స్ పక్కన పెట్టిన రోజున మాత్రం స్పీకర్ మరమ్మతు ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

బేస్ కోసమే యాంప్ చేయాలన్న ఆలోచన కూడా ఈ ఇబ్బందిలోంచే వచ్చింది. ఫెండర్ సంస్థ 1951లో ప్రెసిషన్ బేస్‌ను తెచ్చి, మరుసటి ఏడాది దానికి తోడుగా బాస్‌మన్ అనే యాంప్‌ను తెచ్చింది. తమాషా ఏమిటంటే, బేస్ కోసం చేసిన ఆ యాంప్ తర్వాతి రూపాల్లో గిటార్ వాయించేవారికే ఎక్కువగా నచ్చింది. గట్టిగా వాయిస్తే దాని శబ్దం చిట్లేది, ఆ చిట్లడమే గిటార్‌కు అందమైంది. లండన్‌లో జిమ్ మార్షల్ తన తొలి యాంప్‌ను దాని నమూనాలోనే చేయించాడు. పెద్ద వేదికల మీద చిట్లకుండా నిలిచే బేస్ యాంప్ కావాలని ఆంపెగ్ సంస్థ 1969లో 300 వాట్ల ఎస్‌వీటీని తయారుచేసింది. పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉన్న దాని క్యాబినెట్‌ను, అంటే స్పీకర్ల పెట్టెను, ఈనాటికీ సంగీతకారులు ఫ్రిజ్ అనే పిలుస్తారు. మెట్లున్న హాలుకు దాన్ని మోసినవారికి ఆ పేరు ఎందుకు వచ్చిందో విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక వాట్ల సంగతి. దుకాణంలో పెట్టె మీది అంకె చూసి 100 వాట్లకన్నా 200 వాట్ల యాంప్ రెట్టింపు గట్టిగా మోగుతుందనుకుంటాం. కానీ వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే, అది చెవికి ఒక మెట్టు ఎక్కినట్టు మాత్రమే ఉంటుంది. రెట్టింపు గట్టిగా వినిపించాలంటే 10 డెసిబెల్స్ పెరగాలి, అందుకు వాట్లు పదింతలు కావాలి. క్యాబినెట్ వివరాల్లో సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది, ఇచ్చిన ఒక్కో వాటుకు అది ఎంత గట్టిగా మోగుతుందో ఆ అంకె చెబుతుంది. రెండు క్యాబినెట్లలో ఒకదానిది 97 డెసిబెల్స్, రెండోదానిది 100 డెసిబెల్స్ అయితే, రెండోదాన్ని కొనడమంటే యాంప్ వాట్లను రెట్టింపు చేసుకోవడంతో సమానం. డబ్బు తక్కువగా ఉన్నవారు యాంప్ మీద కన్నా క్యాబినెట్ మీద ఎక్కువ పెట్టాలని నేను అనేది ఇందుకే. పది అంగుళాల స్పీకరా, పదిహేను అంగుళాల స్పీకరా అన్న వాదన మాత్రం నాకు పెద్దగా పట్టదు. పెట్టె ఎంత పెద్దది, ఎలా కట్టారు అన్నదే మంద్రాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుంది.

అవసరాన్ని బట్టి చెప్పాలంటే, గదిలో సాధనకు 20 నుంచి 40 వాట్ల చిన్న కాంబో (యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉన్నది) చాలు. డ్రమ్స్ లేని చిన్న ప్రార్థన కూడికలో 100 వాట్లతో పని జరుగుతుంది. గట్టిగా కొట్టే డ్రమ్మర్ పక్కన, సౌండ్ సిస్టం సాయం లేకుండా నిలబడాలంటే 300 వాట్లకు తగ్గవద్దు. ఈనాటి క్లాస్ డీ అనే తేలికపాటి రకం యాంప్ హెడ్లు (స్పీకర్ లేకుండా విడిగా ఉండే యాంప్‌లు) 500 వాట్లు ఇస్తూ కూడా రెండు మూడు కిలోల బరువే ఉంటాయి. షేర్ ఆటోలో బేస్‌ను భుజాన వేసుకొని కాజీపేట నుంచి హనుమకొండకు వచ్చే మనవంటి వారికి వాటి శబ్దంకన్నా ముందు వాటి బరువే నచ్చుతుంది.

[యాంప్ వెనుక భాగం. వేలు ఓమ్‌ల అంకె మీద ఆగుతుంది.]

ఇక్కడ కాస్త నెమ్మదిగా చూడండి. "కనీసం 4 ఓమ్‌లు" అన్న అర్థంలో ఇక్కడ ఒక అంకె ఉన్నది. ఓమ్ అంటే స్పీకర్ కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత. 8 ఓమ్‌ల క్యాబినెట్లు రెండు కలిపితే మొత్తం 4 ఓమ్‌లు అవుతుంది, అది క్షేమం. 4 ఓమ్‌లవి రెండు కలిపితే 2 ఓమ్‌లకు దిగుతుంది, అప్పుడు యాంప్ తన శక్తికి మించిన కరెంటు ఇవ్వబోయి వేడెక్కి ఆగిపోతుంది, లేదా కాలిపోతుంది. అందుకే మొదటి క్యాబినెట్‌ను 8 ఓమ్‌లది కొంటే, రేపు రెండోది చేర్చుకోవడానికి దారి ఉంటుంది. హెడ్ నుంచి క్యాబినెట్‌కు గిటార్ వైరు ఎప్పుడూ వాడకండి. పైకి రెండూ ఒకే రకంగా కనిపించినా గిటార్ వైరు లోపలి తీగ సన్నగా ఉంటుంది, స్పీకర్‌కు వెళ్ళే కరెంటును అది మోయలేదు. వాల్వ్ (గాజు ట్యూబుల) యాంప్ అయితే స్పీకర్ కలపకుండా అసలే ఆన్ చేయకూడదు.

మన దగ్గర పెద్ద కార్యక్రమాల్లో బేస్ శబ్దం జనానికి చేరేది యాంప్ నుంచి కాదు, సౌండ్ వాళ్ళ బాక్సుల నుంచి. కాబట్టి యాంప్ వెనుక డీఐ అవుట్ (సౌండ్ వాళ్ళ మిక్సర్‌కు నేరుగా వైరు కలిపే చోటు) ఉన్నదా లేదా అన్నది చూడకుండా కొనవద్దు. దాని పక్కనే, ఆ వైరులోని గ్రౌండ్ కలయికను తెంపే గ్రౌండ్ లిఫ్ట్ అనే చిన్న మీట కూడా ఉండాలి. ఎందుకంటే మన ఇళ్ళకూ హాళ్ళకూ వచ్చే కరెంటు 50 హెర్ట్జ్‌ది, బేస్ లావు తీగ మూడో ఫ్రెట్ (మెడ మీది లోహపు మెట్టు) మీద పలికే జీ స్వరం 49 హెర్ట్జ్‌ది. ఎర్తింగ్ సరిగా లేని చోట వచ్చే గుయ్యిమనే హమ్ నిజానికి కొంచెం శ్రుతి తప్పిన జీ అన్నమాట. జీలో ఉన్న పాట వాయిస్తున్నంతసేపూ అది మనతో పోట్లాడుతూనే ఉంటుంది. గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కితే చాలాసార్లు ఆ హమ్ పోతుంది. హమ్ పోవాలని కొందరు ప్లగ్గులోని ఎర్త్ పిన్నును తీసేస్తారు, అది మాత్రం ప్రాణాపాయం.

ఇంట్లో కుదుర్చుకున్న సెట్టింగ్ హాల్లో ఎందుకు చెడిపోతుందని చాలామంది అడుగుతారు. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు మన చెవి మంద్ర స్వరాలను సరిగా పట్టుకోదని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపించారు. ఇంట్లో ఆ లోటు తీర్చడానికి బేస్ నాబ్ పెంచుతాం, వేదిక మీద శబ్దం పెరగగానే ఆ పెంచినదంతా బొయ్యిమంటూ మీద పడుతుంది. దానికి తోడు టైల్స్ నేల, నున్నటి గోడలు, మూలకు ఆనించి పెట్టిన క్యాబినెట్ కలిస్తే ఏ స్వరం ఏదో తెలియదు. హాలుకు వెళ్ళగానే నాబ్‌లన్నీ నడిమికి తెచ్చి, క్యాబినెట్‌ను మూల నుంచి జరిపి, అక్కడి నుంచి మళ్ళీ మొదలుపెట్టండి.

[వా పెడల్ మీద పాదం. మడమ కిందికి, తర్వాత వేళ్ళు కిందికి నెమ్మదిగా వంగుతాయి.]

ఇప్పుడు వా పెడల్. మీరున్న చోటనే ఒక్కసారి, శ్రుతి మార్చకుండా "ఊ" అని మొదలుపెట్టి మెల్లగా "ఆ"లోకి రండి. స్వరం మారలేదు, నోటి ఆకారమే మారింది. నోరు తెరుచుకుంటున్న కొద్దీ ఒక్కొక్క అనుస్వరం, అంటే కిందనుండే ప్రాథమిక స్వరంతో పాటు దాని పైన సన్నగా పలికే స్వరం (హార్మోనిక్), పైకి తేలింది. వా పెడల్ చేసే పని అచ్చంగా ఇదే. అది ఒక ఫిల్టర్, ఒక చిన్న పట్టీలోని అనుస్వరాలను ఉబ్బించి మిగతావాటిని అణచివేస్తుంది, పాదం కదిలితే ఆ పట్టీ కిందికీ పైకీ జరుగుతుంది. 1966లో వాక్స్ అనే పేరున్న యాంప్‌లోని ఒక స్విచ్చు స్థానంలో బ్రాడ్ ప్లంకెట్ అనే ఇంజినీరు తిప్పే నాబ్ పెట్టి, ఆపైన దాన్ని ఆర్గన్ పెడల్‌లోకి మార్చాడు, మరుసటి ఏడాది అది బజారుకు వచ్చింది. ట్రంపెట్ మూతిని మ్యూట్‌తో మూసి తెరిచే శబ్దాన్ని అనుకరించేదిగా దాన్ని అమ్మారు.

గిటార్ వా పెడల్‌లో ఆ పట్టీ సుమారు 400 హెర్ట్జ్ నుంచి 2,000 హెర్ట్జ్ వరకు తిరుగుతుంది. మన లావు తీగ ప్రాథమిక స్వరం 41 దగ్గర ఉన్నదని మొదటే చెప్పుకున్నాం. పట్టీకి అంత దూరంగా కింద ఉన్నదంతా సన్నగిల్లుతుంది, పాదం ముందుకు వంగేకొద్దీ మరింత సన్నగిల్లుతుంది. ఫంక్షన్ హాల్లో నా బేస్ మాయమైంది ఇందువల్లనే. మరి ఇంట్లో బాగానే వినిపించింది కదా అంటే, అనుస్వరాలు వినిపిస్తే చాలు, లేని ప్రాథమిక స్వరాన్ని మన మెదడు తానే ఊహించుకుంటుంది. చిన్న ఫోన్ స్పీకర్లో కూడా బేస్ వరుస అర్థం కావడం ఈ మాయే. పక్కన డ్రమ్స్ మోగితే ఆ ఊహ నిలవదు, కడుపుకు తగలవలసిన దెబ్బ ఊహతో తగలదు.

కాబట్టి బేస్ వా పెడల్‌లో చూడవలసిన మొదటి గుణం, మంద్రాన్ని ఫిల్టర్‌కు ఇవ్వకుండా పక్క దారిన నేరుగా పంపడం. కొన్నిటిలో ఇది లోపలే కుదిర్చి ఉంటుంది, కొన్నిటిలో బ్లెండ్ అనే నాబ్ ఉంటుంది. నాకు నాబ్ ఉన్నదే ఇష్టం, హాలును బట్టి మార్చుకోవచ్చు. డన్‌లప్ క్రై బేబీ బేస్ వాలో పాదం పెట్టగానే ఆన్ అయి, తీయగానే స్ప్రింగుతో వెనక్కి వచ్చి ఆఫ్ అవుతుంది. పాటలో రెండు మూడు చోట్ల మాత్రమే వా కావలసినవారికి ఇది హాయి. పెడల్‌ను సగంలో ఆపి, ఆ ముక్కు గొంతునే పాటంతా ఉంచుకోవాలనుకునేవారికి వేళ్ళ కింద స్విచ్చు ఉన్న పాత పద్ధతే మేలు. మార్లీ పెడళ్ళలో నాబ్ బదులు వెలుతురుతో పనిచేసే అమరిక ఉంటుంది కనుక, దుమ్ము చేరి కరకరమనే బాధ తక్కువ. మన ఎండాకాలపు దుమ్ము తెలిసినవారికి ఇది చిన్న విషయం కాదు.

ఫిల్టర్‌కు పని ఇవ్వాలంటే తీగలో అనుస్వరాలు ఉండాలి. పాత తీగలతో, లేదా నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలతో, టోన్ నాబ్ పూర్తిగా తగ్గించి వా తొక్కి "ఇది పనిచేయదు" అనే వారిని చూశాను. పెడల్ బాగానే ఉన్నది, దానికి పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు, అంతే. మెటాలికా అనే రాక్ బ్యాండ్‌లో క్లిఫ్ బర్టన్ బేస్ వా అంత స్పష్టంగా పలకడానికి కారణం కూడా శబ్దాన్ని చిట్లించే డిస్టార్షన్ పుట్టించే అనుస్వరాల గుంపే.

పాదం వద్దనుకునేవారికి ఆటో వా, అంటే ఎన్వలప్ ఫిల్టర్ ఉన్నది. మీరు తీగను ఎంత గట్టిగా మీటితే అది అంతగా నోరు తెరుస్తుంది. 1972లో వచ్చిన మ్యూట్రాన్ 3 అనే ఆటో వాతో ఫంక్ కళాకారుడు బూట్సీ కాలిన్స్ బేస్‌ను మాట్లాడించినట్టే వాయించాడు. దీనికి ముందు కంప్రెసర్ పెట్టకండి. కంప్రెసర్ గట్టి మీటునూ మెత్తటి మీటునూ సమం చేస్తుంది, అప్పుడు ఫిల్టర్‌కు ఏది ఏదో తెలియదు. తర్వాత పెడితే ఉబ్బిన అనుస్వరాలను అణచి స్పీకర్‌ను కాపాడుతుంది.

కొనడానికి కాజీపేటలో పొద్దున్నే రైలెక్కి సికింద్రాబాద్ వెళ్ళేవారు తమ బేస్‌ను, తమ వైరును వెంట తీసుకెళ్ళండి. దుకాణంలోని కొత్త తీగల ఖరీదైన బేస్ మీద ఏ పెడలైనా మంచిగానే పలుకుతుంది. యాంప్ నాబ్‌లు నడిమిన పెట్టించి, మూడో ఫ్రెట్ జీని గట్టిగా పట్టి, మూడు మీటర్లు వెనక్కి జరిగి వినండి. తర్వాత పెడల్ ఆన్ చేసి, అదే జీని మోగిస్తూ మడమ నుంచి వేళ్ళ దాకా నాలుగు లెక్కపెట్టేంత నెమ్మదిగా వంచండి. వేళ్ళు పూర్తిగా కిందికి వచ్చినప్పుడు కూడా పాదాల కింద నేల అదురు తగ్గకూడదు. తగ్గితే బ్లెండ్ పెంచి చూడండి, అప్పటికీ తగ్గుతుంటే ఆ పెడల్‌ను అక్కడే వదిలేయండి.

[పెడల్ పక్కన తెల్లటి టేపు ముక్క. దాని మీద పెన్నుతో గీసిన చిన్న గీత బ్లెండ్ నాబ్ ముల్లుకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది.]

బ్యాండ్‌తో సాధన చేసేటప్పుడు, డ్రమ్స్ మోగుతుండగా, నాబ్ ఎక్కడ కుదిరిందో అక్కడ ఇలా టేపు అంటించి గీత గీసుకోండి. నా గీతను పెట్టింది ఆ డ్రమ్మర్ అన్నే. నేను పెడల్ వంచుతూ ఉంటే ఆయన కిక్ డ్రమ్ కొడుతూ, "ఇంకొంచెం... ఇంకొంచెం... ఆగు, గిప్పుడు వచ్చింది" అన్న చోటనే అది ఇప్పటికీ ఉన్నది.