పోయిన పాఠం ఎవరు చెప్తారు?

అందరికీ నమస్కారం. బెంగళూరులో మారతహళ్లి నుంచి కంఠీరవ స్టేడియానికి రెండు పూటలా పిల్లల్ని తిప్పే తల్లిదండ్రులకు, చదువూ ఆటా ఒకే ఆవరణలో ఉండే సర్కారు క్రీడా పాఠశాల విలువ వేరే చెప్పక్కర్లేదు. అయితే బడి చూడ్డానికి వెళ్లినప్పుడు అందరూ ట్రాక్ ఎలా ఉందని చూస్తారు. మీరు ముందు టైంటేబుల్ చూడండి.

పొద్దున ఐదున్నర నుంచి ఏడున్నర దాకా ప్రాక్టీసు, తొమ్మిదికి క్లాసు అనుకుందాం. మధ్యలో స్నానం, టిఫిను, కాస్త నడుం వాల్చడం. ఆ గంటన్నరలో కోత పడితే మొదటి పీరియడ్‌లోనే కునికిపాట్లు. పదమూడు దాటిన పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఐదింటికి లేవాలంటే రాత్రి తొమ్మిదికల్లా లైట్లు ఆరిపోవాలి. సాయంత్రం ప్రాక్టీసయ్యాక హోంవర్కు పెడితే ఈ లెక్క తప్పుతుంది. స్టడీ అవర్ బడివేళల్లోనే ఉండాలి.

ఎంపిక సంగతి. హైదరాబాద్ దగ్గర 1993లో మొదలైన హకీంపేట క్రీడా పాఠశాల పిల్లల్ని నాలుగో తరగతిలో చేర్చుకుంటుంది. ఎంపిక పరీక్షలో ఎత్తు, బరువుతో కలిపి తొమ్మిది అంశాలు, ఒక్కోదానికి 3 మార్కులు, మొత్తం 27. వాటిలో ఒకటైన షటిల్ రన్‌లో పది మీటర్ల ఎడంలో రెండు గీతలుంటాయి, ఆరుసార్లు పరుగెత్తాలి. పిల్లలు వెనకబడేది పరుగులో కాదు, మలుపులో. గీత దాకా అదే ఊపులో వచ్చి, నిటారుగా ఆగి, చుట్టూ తిరుగుతారు. గీతకు రెండడుగుల ముందే అడుగులు చిన్నవి చేసి, ఒళ్లు కిందికి దించి, పక్కకి తిరగడం నేర్పండి. ఇక మరో అంశమైన 800 మీటర్ల పరుగులో మొదటి 200 ఆవేశంగా పరుగెత్తినవాళ్లే చివర్లో నడుస్తారు.

పదకొండు నుంచి పదిహేనేళ్ల మధ్య మోకాలిచిప్ప కింద నొప్పి అంటే బద్ధకమని కొట్టిపారేయకండి. ఎముక గబగబా పెరిగే రోజుల్లో, చిప్ప కింది స్నాయువు (గట్టి పట్టీలాంటిది) కాలి ఎముకకు అతుక్కునేచోట లాగుడు పడుతుంది. మూడు నెలలకోసారి ఎత్తు రాసిపెట్టే కోచ్, ఆ సమయంలో జంపులు తగ్గిస్తాడు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది చదువులో పడే గండి. సీబీఎస్ఈ బోర్డు పరీక్షలప్పుడే జాతీయ పోటీలుంటే, తర్వాత పరీక్ష రాసే వీలుంది. బడి ద్వారానే దరఖాస్తు వెళ్లాలి. కానీ పాఠానికి అలాంటి వెసులుబాటు లేదు. పదో తరగతిలో వర్గసమీకరణాలు నడుస్తున్నప్పుడు పిల్ల హాకీ టోర్నమెంటుకు వెళ్తే, తిరిగొచ్చేసరికి క్లాసు అంకశ్రేఢుల్లో ఉంటుంది. ఆ పోయిన పాఠాలు ఏ మాస్టారు, ఏ రోజు, ఏ పీరియడ్‌లో చెప్పారో రాసిన రిజిస్టర్ ఉందేమో అడగండి. ఉంటే, తెరిచి గత నెల పేజీ చూపించమనండి.