బహుమతి రాని బొమ్మను ఎవరు చూస్తారు?

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: పిల్లల పోటీలకు న్యాయనిర్ణేతగా వెళ్లే కథా రచయిత, బడిలో చిత్రలేఖనం నేర్పే ఉపాధ్యాయురాలు, బాలల మనస్తత్వ నిపుణురాలు.)

వ్యాఖ్యాత: నమస్కారం. బడిలో కథల పోటీ అయినా, చిత్రలేఖనం పోటీ అయినా చివరికి ముగ్గురి పేర్లు మైకులో వినిపిస్తాయి. మిగతా పిల్లల కాగితాలు కట్ట కట్టి బీరువాలో పెట్టేస్తారు. పిల్లల సృజనను మెచ్చుకోవడానికి ఇదే సరైన పద్ధతా? రచయిత గారూ, అసలు పోటీలు ఉండాలంటారా?

రచయిత: ఉండాలండీ. ఆ మాట గట్టిగానే చెబుతాను. పోటీ ఉందంటే తప్ప కలం పట్టని పిల్లలున్నారు. ఫలానా రోజుకి ఇవ్వాలన్న గడువు, ఎవరో కూర్చుని చదువుతారన్న ఆశ, ఈ రెండూ వాళ్లచేత రాయిస్తాయి. కార్టూనిస్టు శంకర్ 1949లో ఢిల్లీలో పిల్లలకు పోటీ మొదలుపెడితే, మరుసటి ఏడాదే ఇతర దేశాల పిల్లలకూ తలుపులు తెరిచారు. అమెరికాలో 1923 నుంచి నడుస్తున్న స్కొలాస్టిక్ అనే కళల, రచనల పోటీల్లో చిత్రకారుడు ఆండీ వార్హాల్, కవయిత్రి సిల్వియా ప్లాత్ బడి వయసులోనే గుర్తింపు తెచ్చుకున్నారు. ఆ వయసులో ఒక పెద్ద మనిషి ‘నీలో ఏదో ఉంది’ అంటే ఆ మాట చాలాకాలం బలాన్నిస్తుంది.

మనస్తత్వ నిపుణురాలు: ఆ మాటకి ఉన్న బలం నేనూ ఒప్పుకుంటాను సర్. కానీ గెలిచి పెద్దవాళ్లయిన వాళ్లను చూపించి పోటీ మంచిదని తేల్చలేం. ఓడిపోయి మానేసినవాళ్ల పేర్లు మన దగ్గర ఉండవు కదా. దీని మీద మంచి పరిశోధనలే జరిగాయి. 1973లో మనస్తత్వ శాస్త్రవేత్త మార్క్ లెప్పర్, ఆయన సహచరులు మూడు నుంచి అయిదేళ్ల పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. అందరూ స్కెచ్ పెన్నులతో బొమ్మలేయడమంటే ఇష్టపడే పిల్లలే. కొందరికి ‘బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం’ అని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా, వేశాక ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్లకి అవే పెన్నులు ఊరికే బల్ల మీద పెట్టి చూస్తే, ముందే ఆశ పెట్టిన పిల్లలు మిగతావాళ్లు గడిపిన దాంట్లో సగం సేపే వాటితో గడిపారు.

వ్యాఖ్యాత: చెప్పకుండా ఇచ్చినవాళ్ల సంగతి?

మనస్తత్వ నిపుణురాలు: వాళ్ల ఇష్టం ఏమీ తగ్గలేదు. అసలు గమనించాల్సింది అక్కడే. నష్టం చేసింది సర్టిఫికెట్ కాదండీ, దాని కోసం వేయడం. సృజన మీద పరిశోధించే మనస్తత్వ శాస్త్రవేత్త తెరెసా అమబైల్ 1982లో అచ్చయిన పరిశోధనలో ఏడు నుంచి పదకొండేళ్ల ఆడపిల్లల చేత రంగు కాగితాలతో బొమ్మలు అతికించారు. కొందరికి ‘బాగా చేసినవాళ్లకే బహుమతి’ అన్నారు, కొందరికి ‘బహుమతులు చీటీలు తీసి ఇస్తాం’ అన్నారు. తర్వాత కళాకారులు చూస్తే, పోటీ పడ్డవాళ్ల బొమ్మల్లో కొత్తదనం తక్కువగా కనిపించింది.

ఉపాధ్యాయురాలు: ఎందుకు తగ్గదు మేడం? పోటీ అనగానే పిల్ల మొదట ఆలోచించేది ‘జడ్జికి ఏం నచ్చుతుంది’ అని. వెంటనే రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద ఏరు, ఒడ్డున ఇల్లు. వందల షీట్లలో అదే బొమ్మ. అది ఆ పిల్ల ఊహించింది కాదు, గెలుస్తుందని పెద్దవాళ్లు నేర్పింది. నన్నడిగితే జడ్జీలకే ముందు పిల్లల బొమ్మ ఎలా చూడాలో నేర్పాలి.

వ్యాఖ్యాత: ఎలా చూడాలి మేడం? ఒక బొమ్మ తీసుకుని చెప్పండి.

ఉపాధ్యాయురాలు: ఏడేళ్ల పిల్ల వేసిన బొమ్మ అనుకోండి. కాగితం పైఅంచున నీలం పట్టీ. అది ఆకాశం. కిందంచున ఆకుపచ్చ గీత. అది నేల. మధ్యలో అంతా తెల్లగా వదిలేసింది. ఇంటి గోడ ఉంది, కానీ గోడలోంచి లోపలి మంచం, మంచం మీద తమ్ముడు కనిపిస్తున్నారు. అమ్మ గుమ్మం కన్నా పొడుగ్గా ఉంది. తెలియని జడ్జి ఏమంటాడు? ‘ఆకాశం నేల దాకా రావాలి, గోడలోంచి మంచం ఎలా కనిపిస్తుంది, కొలతలు తప్పాయి’ అని పక్కన పెట్టేస్తాడు. ఆ వయసు పిల్లలు వేసే పద్ధతే అది. కళా విద్య నిపుణుడు విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లోనే పిల్లల బొమ్మల దశలన్నీ వరసగా రాసి పెట్టారు. పిల్లలు కంటికి కనిపించింది కాదు, తమకు తెలిసింది వేస్తారు. ఆకాశం పైన ఉంటుందని తెలుసు, అందుకే పైన వేసింది. తమ్ముడు లోపల పడుకున్నాడని తెలుసు, అందుకే గోడ అడ్డు రాలేదు. అమ్మ ముఖ్యం, అందుకే పెద్దది. ఆ బొమ్మలో దిద్దాల్సింది ఏమీ లేదు. మూడో తరగతినీ ఎనిమిదో తరగతినీ ఒకే విభాగంలో పెట్టే పోటీల్లో మొదట వెనకబడేది ఇలాంటి బొమ్మే.

రచయిత: రాతల్లో కూడా అంతేనమ్మా. వ్యాసం పోటీకి ‘నీటి ప్రాముఖ్యత’ అని ఇస్తే వచ్చే మొదటి వాక్యం నాకు ముందే తెలుసు: ‘మానవ జీవితంలో నీరు అత్యంత ముఖ్యమైనది.’ పిల్లలది తప్పు కాదు, విషయమే అలాంటిది. చిన్న విషయం ఇవ్వండి, పిల్లలు లేచి కూర్చుంటారు. ఒకసారి ‘అరిగిపోయిన వస్తువు’ అని ఇస్తే ఒక పాప రబ్బరు గురించి రాసింది. ఆ రబ్బరుకి తను చెరిపిన మాటలన్నీ గుర్తుంటాయట. పాప ఎవరికో రాసి, చెరిపేసిన ఒక మాట కూడా దాని కడుపులో ఉందట. అందుకని అది పూర్తిగా అరిగిపోతే ఆ మాట ఏమైపోతుందోనని పాపకి బెంగ. ఎంత ఊహండీ! వత్తులు సగం తప్పు, ళ ఉండాల్సిన చోటల్లా ల. పక్కనున్న జడ్జి తప్పులకి మార్కులు కోశారు.

వ్యాఖ్యాత: మీరు ఊరుకున్నారా?

రచయిత: ఊరుకోలేదు, వాదించాను. వత్తులు ఏడాదిలో వస్తాయి, ఆ ఊహ నేర్పితే వచ్చేది కాదు. బ్రిటన్‌లో బీబీసీ 2011లో మొదలుపెట్టిన పిల్లల కథల పోటీలో అయిదు వందల మాటల్లోపు కథ రాయాలి. స్పెల్లింగు, వ్యాకరణం తప్పులకు మార్కులు తీయరు. అచ్చుకు పంపేముందు ఎవరో ఒకరు దిద్దుతారు కదా. ఆ పని పెద్దవాళ్లది.

మనస్తత్వ నిపుణురాలు: ఇంకొకటి. బడిలో పోటీ అయితే దిద్దేటప్పుడు పేర్లు కనిపించకూడదు. వెనక నంబరు చాలు. ‘ఈ అబ్బాయి క్లాసులో ఫస్టు’ అని తెలిశాక కాగితాన్ని కాగితంలా చూడటం ఎవరికైనా కష్టం.

ఉపాధ్యాయురాలు: దిద్దేటప్పుడు సరే. గోడ మీద పెట్టేటప్పుడు మాత్రం పేరు పెద్దగా ఉండాలి మేడం, అదీ పిల్ల స్వహస్తాలతో. ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ అనే చిత్రకారిణి ఉండేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు ఆవిడను తెరెజిన్ నిర్బంధ శిబిరంలో పెట్టారు. అక్కడి పిల్లలకు ఆవిడ రహస్యంగా బొమ్మలు నేర్పారు. పిల్లలకు మిగిలింది నంబర్లే అయిన చోట, బొమ్మ మీద మీ పేరు రాయండి అనేవారు. 1944లో ఆవిడను ఆష్‌విట్జ్ మరణ శిబిరానికి తరలించి చంపేశారు. దాచి వెళ్లిన సుమారు 4,500 బొమ్మలు ఇప్పుడు ప్రాగ్‌లోని యూదు మ్యూజియంలో ఉన్నాయి. ఆ పిల్లల్లో ఎక్కువమంది బతకలేదు. పేరు రాయబట్టే ఏ బొమ్మ ఎవరిదో ఇవాళ మనకు తెలుస్తోంది. అక్కడ ఏ పోటీ లేదు, ఏ కప్పూ లేదు. ఆ పని విలువ తెలిసిన పెద్ద మనిషి ఒకరున్నారు, అంతే.

వ్యాఖ్యాత: ఒక ఫోన్ కాల్ ఉంది. చెప్పండమ్మా.

ఫోన్‌లో ఒక తల్లి: నమస్తే అండీ. మా బాబుకి పదేళ్లు. చిన్నప్పుడు గోడలన్నీ బొమ్మలే. పోటీల్లో ఎప్పుడూ బహుమతి రాలేదు. ఇప్పుడు నాకు బొమ్మలు రావు అని కాగితం ముట్టుకోవడం లేదు. ఏం చేయమంటారు?

ఉపాధ్యాయురాలు: తప్పంతా పోటీలదే అనుకోకండమ్మా. తొమ్మిది, పదేళ్లకి పిల్లలకు అచ్చం ఉన్నట్టే రావాలన్న పట్టుదల వస్తుంది. చెయ్యి ఇంకా అంత దూరం రాదు. చాలామంది అక్కడే ఆపేస్తారు. ఓడిపోవడం దాని మీద ఇంకో దెబ్బ. ఇప్పుడు వాడికి ‘చాలా బాగుంది’ అన్నా నమ్మడు. ఎదురుగా తన బూటు పెట్టి, లేసులు ఎటు నుంచి ఎటు దూరుతున్నాయో చూసి వేయమనండి. రబ్బరు ఇవ్వకండి. లేదంటే మట్టితో చేయమనండి, బొమ్మల కథ గీయమనండి. వేశాక మార్కు వేయొద్దు. ‘ఈ గీత దగ్గర కష్టమైందా? మొదట ఎక్కడ మొదలుపెట్టావు?’ అని అడగండి, చాలు.

తల్లి: అలాగేనమ్మా. ఈ నెలలో బడిలో మళ్లీ పోటీ ఉంది. పంపొద్దంటారా?

మనస్తత్వ నిపుణురాలు: వాడినే అడగండి. వెళ్లనంటే బలవంతం వద్దు. వెళ్తానంటే బహుమతి ఊసు ఇంట్లో ఎత్తకండి.

వ్యాఖ్యాత: బడులు ఒక్క మార్పు చేయాలంటే ఏది చేయమంటారు?

ఉపాధ్యాయురాలు: వచ్చిన ప్రతి కాగితానికీ ఒక వాక్యం రాసిన చీటీ. ‘బాగుంది’ అని కాదు. ‘నీ ఇంటి గోడలోంచి తమ్ముడు కనిపించడం నాకు నచ్చింది’ అన్నట్టు, ఆ కాగితానికే చెందిన మాట. జడ్జీలు ఇద్దరే అయితే అవదు. టీచర్లందరూ, పై తరగతుల పిల్లలూ పంచుకుంటే ఒక మధ్యాహ్నం పని. కాగితాలన్నీ వారం రోజులు వరండాలో పెట్టండి, ఎత్తు పిల్లల కంటికి అందేట్టు.

మనస్తత్వ నిపుణురాలు: దానికి తోడు మొదటి, రెండో స్థానాలు కూడా తీసేస్తే నాకు ఇంకా సంతోషం.

రచయిత: చీటీలకి నా ఓటు, నేనూ వచ్చి కూర్చుని రాస్తాను. మొదటి బహుమతి తీసేయడానికి మాత్రం ఒప్పుకోనమ్మా. బాగా రాసిన పిల్లకి బాగా రాశావని నలుగురిలో చెప్పాలి. కాకపోతే కప్పు చేతికిచ్చి ఫొటో తీసి దింపేయకండి. ఆ అయిదు నిమిషాలూ మైకు ఆ పిల్లకే ఇచ్చి, తన కథ తననే చదవమనండి. మిగతా పిల్లలు వినాల్సింది ఆ కథ.

మనస్తత్వ నిపుణురాలు: కథ చదవడానికి సరే సర్. స్థానాల మీద మనిద్దరికీ ఇవాళ కుదరదు.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. ముగ్గురికీ, ఫోన్ చేసిన అమ్మకీ ధన్యవాదాలు. నమస్కారం.