నల్లమల పులికి కాపలా చెంచులు... పెంట (చెంచుల గూడెం) ఖాళీ చెయ్యాల్సిందీ చెంచులేనా?

సూటిగా చెప్తా, నచ్చకపోతే కింద కామెంట్లలో తిట్టుకోండి. నల్లమలలో ఇవాళ పులి బతికుందంటే అది చెంచుల పుణ్యమే. అక్కడి అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లోంచి చెంచుల్ని బయటికి తరలించే గొడవ మీద ఇన్ని డిబేట్లు నడుస్తున్నాయి, ఈ ముక్క ఒక్కడి నోట్లోంచైనా వచ్చిందా? ఎంతసేపూ కుటుంబానికి 15 లక్షలు, ఇల్లు, పొలం... ఇదే పాట.

అడవి లోపలి బేస్ క్యాంపుల్లో ప్రొటెక్షన్ వాచర్లుగా ఎవరుంటున్నారు? ఎక్కువమంది చెంచులే. ఒక చేత్తో చెంచు కుర్రాణ్ణి కాపలాకి పెట్టుకుని, రెండో చేత్తో వాళ్ల అమ్మానాన్నలకి బయటికి దారి చూపిస్తారా? ఇదెక్కడి న్యాయమండీ!

ఆ కాపలా ఏంటో తెలుసా? పులుల లెక్కకి కెమెరాలు కడతారు కదా. బాటకి అటొకటి ఇటొకటి, మోకాలెత్తులో. ఎందుకంటే పులి ఎడమ పక్క చారలు కుడి పక్కకి కలవవు, రెండు వైపులా ఫొటో పడితేనే ఫలానా పులి అని తేలుతుంది. సరే, ఏ బాటకి కట్టాలి? అడుగుజాడ, చెట్టు మీద గోళ్ల గీతలు, పులి మలం చూసి ఆ బాట చూపించేది చెంచు వాచరే. తప్పు బాటకి కడితే నెలంతా కుందేళ్ల ఫొటోలే.

ఇక ఉచ్చులు. బండి క్లచ్ వైరు తెలుసుగా, వేటగాళ్లు దాంతోనే వేస్తారు. అడవి పందికని వేస్తే చిరుతా పడుతుంది, పులీ పడుతుంది. జంతువులు దాటే బాటకి రెండు పక్కలా ముళ్లకంప అడ్డం పెట్టి మధ్యలో చిన్న సందు వదులుతారు. ఆ సందులో ఉంటుంది వైరు. జీపులో పోయేవాడికి ఛస్తే కనపడదు! వేసవిలో నీటి గుంటల చుట్టూ నడిచి వెతకాల్సిందే. వేటకి లైన్ నుంచి లాగే కరెంటు తీగ ఇంకా ఘోరం. రాత్రి సబ్‌స్టేషన్‌లో లైన్ ఊరికే ట్రిప్ అయిందంటే అనుమానించాలి, తెల్లారకముందే లైన్ వెంట నడవాలి.

‘మనుషులుంటే పులి పెరగదు సార్’ అంటారా? కర్ణాటక బిళిగిరిరంగ కొండలకి పోదాం పదండి. అక్కడి సోలిగ గిరిజనులకి 2011లో అటవీ హక్కులిచ్చారు, టైగర్ రిజర్వ్ లోపలే. 2010లో 35 ఉన్న పులులు 2014 నాటికి 68. మనుషుల్ని తోలేస్తే వచ్చిన లెక్కా ఇది?

ఆ సోలిగలే ఒకప్పుడు ఎండలు ముదరకముందు రాలిన ఆకుకి చిన్న మంట పెట్టేవాళ్లు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత అది బంద్. ఏమైంది? లాంటానా అనే కలుపు పొద అడవిని మింగేసింది, ఉసిరి చెట్లకి బదనిక (చెట్టు మీద బతికే పరాన్న మొక్క) పట్టింది. ఇప్పుడు నిప్పంటుకుంటే లాంటానా పొదల మీదుగా మంట చెట్టు కొమ్మలదాకా ఎక్కుతుంది. చిన్న మంట ఆపి పెద్ద మంట కొనుక్కున్నారు. నా లెక్కలో అడవికి అసలు ప్రమాదం అడవి తెలిసిన మనిషి లేకపోవడమే. ఎవరేమన్నా ఈ మాట మార్చను.

‘వాళ్లే ఇష్టపడి పోతున్నారు’ అనే బ్యాచ్ ఒకటుంది. 2006 అటవీ హక్కుల చట్టం, సెక్షన్ 4(2) తీయండి. ముందు హక్కుల గుర్తింపు పూర్తవ్వాలి. వాళ్లుంటే పులికి తీరని నష్టమని తేల్చాలి, కలిసి బతికే దారి లేదని తేల్చాలి. ఆ తర్వాతే గ్రామసభ రాతపూర్వక సమ్మతి. అన్నీ అయ్యి, కొత్త చోట ఇల్లూ భూమీ సిద్ధమయ్యాకే కదలమనాలి. మీ జిల్లాలో ‘పెంట ఒప్పుకుంది’ అని వార్తొస్తే సమాచార హక్కు కింద ఆ తీర్మానం కాపీ అడగండి. సంతకాలు లెక్కపెట్టండి. గ్రామసభ సభ్యుల్లో సగం మంది వచ్చారా, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లున్నారా? లేకపోతే కోరం (సభ చెల్లడానికి ఉండాల్సిన హాజరు) లేనట్టే. ఆ కాపీ నాకు పంపండి, తర్వాతి వీడియో దాని మీదే.