బతుకమ్మ లోపల ఏముంటుంది?

(హనుమకొండలో పూల డెకరేషన్ పని నేర్చుకుంటున్న మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)

అమ్మలకు, అక్కలకు, చెల్లెళ్లకు, వెనక వరుసలో నిలబడ్డ డెకరేషన్ అన్నలకు నమస్కారం.

ముందు ఈ బల్ల మీద పెట్టిన రెండు వస్తువులు చూడండి. ఎడమ పక్కన ఉన్నది పచ్చ ఇటుక. ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిందే. ఫోమ్ అంటాం, స్పాంజి అంటాం. పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే పెట్టెలకు పెట్టెలు తెప్పిస్తాం. కుడి పక్కన ఉన్నది అరటి బోదె ముక్క. పొద్దున మా పెరట్లో గెల కోసేసిన చెట్టుది. రెండింటి పనీ ఒకటే. గుచ్చిన పువ్వు ఒరగకుండా పట్టుకోవాలి, సాయంత్రం దాకా తడి అందించాలి.

నేను చాలా ఏళ్లు ఎడమ పక్కదే వాడాను. ఒక పెళ్లికి స్టేజీ, భోజనాల బల్లలు, కారు, అన్నీ ఫోమ్ మీదే కట్టాను. మర్నాడు పొద్దున ఖాళీ చేస్తుంటే హడావిడిలో పిల్లలు వాడేసిన ఇటుకలన్నీ హాలు వెనక మోరీ పక్కన కుప్ప పోశారు. కాళ్ల కింద పడి నలిగాయి. అదే సమయానికి పెద్ద వాన పట్టింది. పచ్చటి పొడి నీళ్ల మీద తెట్టెలాగా తేలుకుంటూ మోరీలోకి, అక్కడి నుంచి చెరువు కాలువలోకి పోయింది. ఆపడానికి నా చేతిలో ఏమీ లేదు. ఆకైతే కుళ్లుతుంది, మట్టైతే అడుగున కూర్చుంటుంది. మరి ఇదేమవుతుందని ఆ రోజు మొదటిసారి నన్ను నేను అడిగాను.

ఏమీ కాదు, అదే చిక్కు. ఈ ఫోమ్‌ను 1954లో అమెరికాలోని ఒహాయోలో తయారుచేశారు. ఫినాల్, ఫార్మాల్డిహైడ్ కలిపి చేసిన ప్లాస్టిక్ ఇది. నీటిని భలే పీలుస్తుంది కానీ నీటిలో కరగదు. ఎంత నలిపితే అంత సన్నటి రేణువులవుతుంది. మెల్‌బోర్న్‌లోని ఆర్‌ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు పరీక్షించి చూస్తే నీటిలోని చిన్న చిన్న జీవులు ఆ రేణువులను తింటున్నాయని తేలింది. దాని నుంచి ఊరిన రసాయనాలు చేప పిండాలకు విషమయ్యాయి. లండన్ చెల్సీ పూల ప్రదర్శన ప్రపంచమంతా చూసే పండుగ. దాన్ని నడిపే రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తమ ప్రదర్శనల్లో ఈ ఫోమ్‌ను వద్దంది.

అప్పటి నుంచి అక్కడి వాళ్లు ఫోమ్ లేకుండా పూలు నిలబెట్టే దారి వెతుకుతున్నారు. కోళ్ల గూటికి కట్టే జాలీని ఉండ చుట్టి కుండీలో పెడుతున్నారు. జపాన్ వాళ్లు పూల కాడలు గుచ్చి నిలబెట్టే ముళ్ల పలక వాడుతున్నారు. ఇదంతా చదువుతుంటే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ఎందుకో చెప్తాను.

మీలో బతుకమ్మ పేర్చనివాళ్లు లేరు. కానీ చిన్నప్పుడు ఒక పని మీకూ చెప్పే ఉంటారు. అమ్మ తాంబాళంలో గుమ్మడి ఆకులు పరుస్తుంది, చుట్టూ తంగేడు పేరుస్తుంది. మనం పక్కన కూర్చుని మిగిలిన కాడలు, ఆకులు సన్నగా తుంచి నడుమ పోస్తుంటాం. ఒక వరుస తంగేడు, నడుమ గుప్పెడు ఆకు తుంట. ఒక వరుస గునుగు, మళ్లీ నడుమ తుంట, అరచేత్తో ఒత్తడం. పైకి పోయిన కొద్దీ చుట్టు తగ్గుతుంది, నడుమ గట్టిపడుతుంది. అలా రెండడుగులు, మూడడుగులు లేస్తుంది. దాన్ని నెత్తి మీద పెట్టుకుని వేయిస్తంభాల గుడి దాకా నడిచిపోతాం. ఒక్క పువ్వు జారదు. లోపలి ఆకుల పచ్చి వల్ల సాయంత్రం దాకా వాడదు. లోపల తీగ లేదు, జిగురు లేదు, ప్లాస్టిక్ లేదు. ఒహాయోలో ఫ్యాక్టరీ పెట్టి సాధించింది మన ఆడవాళ్లు చెత్త కింద పారేసే ఆకులతో సాధించారు. ఇది తెలిసి కూడా పెళ్లి పందిట్లోకి రాగానే ఆ చేతులకు పచ్చ ఇటుక ఎందుకు కావలసి వస్తోంది? నేను ఈ రోజు అడగడానికి వచ్చింది ఇదొక్కటే.

నాలుగేళ్లుగా నా పనిలో ఫోమ్ లేదు. చేసేది చెప్తాను, రాసుకోనక్కర్లేదు, చూస్తే వచ్చేస్తుంది. అరటి బోదెను జానెడు ముక్కలుగా కోయండి. పై పొర వలిచేయండి. అడుగు చదునుగా ఉండాలి, లేకపోతే బల్ల మీద దొర్లుతుంది. బంతి, చామంతి లాంటి గట్టి కాడను ఏటవాలుగా కోసి నేరుగా గుచ్చవచ్చు. గులాబీకి ముందు వెదురు పుల్లతో కంత చేయాలి, లేకపోతే కాడ విరుగుతుంది. బోదెలోనే నీళ్లుంటాయి కాబట్టి ఒక రాత్రి ఫంక్షన్‌కు ఇబ్బంది లేదు. ఒక సంగతి మాత్రం మర్చిపోకండి, బోదె పసరు బట్టకు అంటితే మరక పోదు. తెల్ల గుడ్డ పరిచిన బల్ల మీద అయితే కింద విస్తరాకు వేయండి. పెద్ద కుండీలకు మన బతుకమ్మ పద్ధతే, తుంచిన ఆకులు, గడ్డి, తడి ఇసుక. పని కొంచెం ఎక్కువే, నిజం చెప్పాలి. అరగంటలో అయ్యేది గంట పడుతుంది. కానీ మర్నాడు పొద్దున ఆ కుప్పంతా ఎరువు గుంతలో పోసి ఇంటికి పోవచ్చు.

ఇక ఏ పూలు కొనాలి?

పెళ్లి కూతురి తండ్రి వస్తాడు, ఫోన్లో ఎక్కడిదో స్టేజీ ఫోటో చూపించి మాకు ఇట్లనే కావాలంటాడు. అందులో ఉన్న పువ్వు మన ఎండకు గంట కూడా ఆగదు. దూరం నుంచి ఐస్ పెట్టిన బండిలో తేవాలి, హాల్లో ఏసీ వేసి కాపాడాలి. దారిలో సగం నల్లబడతాయి. మనకు టెన్షన్, ఆయనకు ఖర్చు. దగ్గరి పూలైతే మంచివి, దూరం పూలైతే చెడ్డవి అని చాలామంది చెప్తారు. లెక్క అంత తేలిక కాదు. ఇంగ్లండ్‌లోని క్రాన్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయం 2007లో ఒక లెక్క తీసింది. 12,000 గులాబీలు కెన్యా నుంచి ఇంగ్లండ్‌కు విమానంలో వస్తే సుమారు 6,000 కిలోల కార్బన్ డయాక్సైడ్, పక్కనే హాలండ్‌లో అద్దాల ఇంట్లో వేడి పెట్టి పెంచితే సుమారు 35,000 కిలోలు. కెన్యాలో ఎండ ఊరికే వస్తుంది, హాలండ్‌లో గ్యాస్ కాల్చి వేడి తెచ్చుకోవాలి. కాబట్టి కిలోమీటర్లు లెక్కపెట్టే ముందు ఈ నెలలో ఈ నేల మీద ఈ పువ్వు తనంతట తాను పూస్తుందా అని అడగండి.

మే నెల పెళ్లికి మల్లెను మించింది ఏముంది? ఎండ ముదిరే కొద్దీ విరబూస్తుంది. చలికాలం పెళ్లికి చామంతి. ఆరుబయట పందిరికి లిల్లీ పెట్టండి. మన మార్కెట్లో లిల్లీ అంటే నేలసంపెంగే, చీకటి పడ్డాక దాని వాసన పందిరంతా నిండుతుంది. బంతి సంగతి సరే సరి. టమాటా వేసిన రైతులు సాళ్ల నడుమ బంతి పెట్టడం మీరు చూసే ఉంటారు. కాయ తొలిచే పురుగు బంతి మీదికి పోతుంది, టమాటా బతుకుతుంది. చేనుకు మేలు చేసి, ఆ తర్వాత గుమ్మానికి ఎక్కే పువ్వు అది. నిజానికి బంతి మెక్సికో నుంచి వచ్చింది. పోకబంతి కూడా అమెరికా వైపుదే. వచ్చి మన మట్టికి అలవాటు పడ్డాయి, మన పాటల్లో చేరాయి. అందుకే పువ్వు పుట్టిల్లు ఎక్కడని నేను అడగను.

దండలకు అరటి నార ఉంది. నైలాన్ దారం వద్దు, ఆ దండ మేసిన ఆవు కడుపులో అది ఉండిపోతుంది. మెరుపు పొడి చల్లిన పూలు, ప్లాస్టిక్ పూలు, థర్మాకోల్ అక్షరాలు, వీటి గురించి నేను చెప్పనక్కర్లేదు.

రంగు గురించి మాత్రం చెప్పాలి. గునుగు కొసలకు ఆకుపచ్చ, నీలం, ముదురు గులాబీ రంగులు అద్దుతున్నాం. ఆ పొడి ప్యాకెట్ మీద అందులో ఏముందో రాసి ఉండదు. చేతికి అంటితే రెండు రోజులు పోనిది చెరువులో ఏం చేస్తుంది? వెండి తెలుపు, కొసన లేత గులాబీ, ఇంత అందంగా దేవుడే రంగు వేసి పంపాడు. మరీ మనసు ఆగకపోతే పసుపు నీళ్లలో ముంచండి.

బతుకమ్మ పూలు చెరువు నీళ్లను శుద్ధి చేస్తాయని కూడా అంటుంటారు. నిండు చెరువులో ఊరి బతుకమ్మలు కలిస్తే చెరువుకు బరువు కాదు. కానీ ఈ రోజు వేలమందిమి ఒకే గుండం దగ్గర వేస్తున్నాం. అన్ని పూలు ఒక్కచోట కుళ్లితే నీళ్లలో ప్రాణవాయువు తగ్గిపోతుంది, చేపలు పైకి తేలుతాయి. సాగనంపిన మర్నాడు పొద్దున పోయి పూలను ఒడ్డుకు తీయడం తప్పు కాదు. కాన్పూర్‌లో గుళ్ల పూలతో అగర్‌బత్తీలు చేస్తున్నారు. మనం కనీసం ఎరువు చేసుకోవచ్చు.

చివరగా, నాకు నిద్ర పట్టనివ్వని మాట ఒకటి చెప్తాను. పోయినేడు ఎంగిలిపూల నాడు, అంటే బతుకమ్మ మొదటి రోజు, చౌరస్తాలో గునుగు కట్టలు అమ్మే అవ్వను ఇంత ధర ఏంది అవ్వా అని అడిగాను. “చేన్ల గడ్డిమందు కొట్టినంక గునుగు యాడికెల్లి వస్తది బిడ్డా? మూడూర్లు తిరిగితే ఈ నాలుగు కట్టలు దొరికినయి” అంది.

గునుగు ఏడాది మొక్క. వేరు నుంచి మళ్లీ రాదు, గింజ రాలితేనే వచ్చే ఏడు ఉంటుంది. పత్తి చేలో, మక్క చేలో మందు కొడతారు, ఊరి బయటి బీళ్లు ప్లాట్లయ్యాయి, మిగిలిన కొద్దిదాన్ని మనం వేర్లతో సహా పీకుతాం. తంగేడు నయం, పొద కాబట్టి కొమ్మ తుంచితే మళ్లీ చిగురిస్తుంది. రాష్ట్ర పుష్పం అనైనా దాన్ని గుర్తుంచుకుంటున్నారు. గునుగుకు ఆ పేరు కూడా లేదు.

అందుకని కోసేటప్పుడు కొడవలితో పై కంకులు కోయండి, కింద రెండు వదలండి. ఇంటికి తెచ్చాక, పేర్చే ముందు, పొడుగ్గా సాగిన ముదురు కంకులను పాత చీర మీద దులపండి. గునుగు కింద నుంచి పైకి పూస్తుంది, కొస ఇంకా పువ్వుగా ఉండగానే అడుగున గింజ ముదిరి ఉంటుంది. ఇదిగో, ఈ డబ్బాలో ఉన్నవి నేను పోయినేడు దులిపినవి. నల్లగా, ఆవగింజ కంటే చిన్నగా మెరుస్తుంటాయి. రైతు చేనులో చల్లమని నేను అనను, ఆయనకు అది కలుపే. ఇంటి వెనక, బడి గోడ పక్కన, చెరువు కట్ట దిగువన, గడ్డిమందు పడని చోట తొలకరి వానకు చల్లండి.

వెళ్లేటప్పుడు తలా ఒక చిటికెడు కొంగుకు ముడి వేసుకుని పోండి. డబ్బా ఖాళీగా ఇంటికి తీసుకుపోవాలని ఉంది నాకు.